బుచ్చయ్య చేతివాసి

ఉప్పునుంతల మండలంలో ఒక చిన్న ఊరు. ఆ ఊళ్లో బుచ్చయ్యలు ఇద్దరు. బడి పక్కన ఉండే ఆయన్ని బడి బుచ్చయ్య అనేవారు. రెండో ఆయన ఎవరో చెప్పడానికి మాటే అక్కర్లేదు. చేతిని పైకి లేపి, వేళ్లను వాడిపోయిన ఆకుల్లా కిందికి వేలాడదీస్తే చాలు, అందరికీ అర్థమయ్యేది. ఎండుచెయ్యి బుచ్చయ్య అన్నమాట. ఇది అతని కథ.

ఆ చేతికి జబ్బేమీ లేదు. గడ్డపార పట్టి, గొర్రు పట్టి కాయలు కాసిన గట్టి చెయ్యి. ‘ఎండు’ అన్నది దాని వాసి గురించి. కొందరి చేతివాసి గొప్పదంటారు, వాళ్లు పుల్ల గుచ్చినా చిగురేస్తుందంటారు. బుచ్చయ్యది అందుకు పూర్తిగా ఎదురని పేరుపడింది.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. పెళ్లయిన కొత్తలో, తండ్రి పోయిన ఏడు, బుచ్చయ్య మొదటిసారి తన చేత్తో విత్తనం వేశాడు. ఆ ఏడు వాన పడలేదు. జొన్న మోకాలెత్తు రాకముందే మాడిపోయింది. మాడింది అతని చేనొక్కటే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నీ మాడాయి. తర్వాత ముచ్చటపడి తెచ్చుకున్న దూడ గాలికుంటు రోగం తగిలి చచ్చిపోయింది. ఇంకొన్నాళ్లకు బోరు వేయిస్తే దుమ్ము తప్ప తడి తగల్లేదు. ఒక సాయంత్రం ఈతకల్లు దగ్గర నలుగురూ కూర్చున్నప్పుడు, వరుసకు అన్న అయ్యే బక్కయ్య ఈ సంగతులన్నీ కలిపి ఒక మాట విసిరాడు. బక్కయ్య పేరుకే బక్కయ్య, మనిషి వడ్ల గుమ్మిలా ఉంటాడు. నవ్వితే ముందు పొట్ట నవ్వుతుంది.

"మా బుచ్చిగాడు చెయ్యి పెడితే రేగుకంప గూడ ఎండుతదిర బై!"

అందరూ నవ్వారు. బుచ్చయ్యా నవ్వాడు. కల్లు అయిపోయింది, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఆ మాట మాత్రం బుచ్చయ్య వెంట ఇంటికి వచ్చింది.

ఆనాటి నుంచి అతను ఆ మాటకు సాక్ష్యాలు ఏరడం మొదలుపెట్టాడు. వెతికేవాడికి ఏం తక్కువ? పాలు విరిగితే, పొద్దున గిన్నె జరిపింది తనే కదా. కుండ పగిలితే, నిన్న దాన్ని తట్టి చూసింది తనే కదా. మంచి జరిగితే మాత్రం అది ఇంకెవరి ఖాతాలోకో పోయేది. దొడ్లో బీరతీగ పందిరి విరిగేలా కాసిన ఏడు, "గది సత్తెమ్మ పెట్టింది, నేను దగ్గరికి గూడ పోలే" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. సత్తెమ్మ అతని భార్య. నిండైన మనిషి, గొంతూ నిండైనదే. "ఓ మనిషీ, గా గింజలు పెట్టింది నువ్వే. నేను నీళ్లు పోసిన, అంతే" అని ఆమె ఎంత మొత్తుకున్నా అతను నమ్మలేదు.

2003లో ప్రపంచకప్ ఫైనల్ నాడు బడి బుచ్చయ్య ఇంట్లో టీవీ ముందు ఊరంతా కూర్చుంది. మన బుచ్చయ్యకు క్రికెట్ తెలియదు. సందడి చూసి గడప దగ్గర నిలబడ్డాడు, అంతే. ఇండియా ఓడిపోయింది. అందరూ తల పట్టుకుని కూర్చుంటే బుచ్చయ్య చెప్పులు చేత్తో పట్టుకుని, "తప్పయింది, నేను రాకుంటుండాల్సింది" అని మెల్లగా జారుకున్నాడు. ఆఫ్రికాలో ఎక్కడో ఆడిన ఆటకు తన చెయ్యి ఎట్లా తగిలిందో అతనొక్క క్షణం ఆలోచించలేదు.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఒక్క చంద్రకళ విషయంలో తప్ప. చంద్రకళ వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. పదో తరగతి పరీక్షకు పోయే పొద్దున తండ్రి కాళ్లకు మొక్కి, తల మీద చెయ్యి పెడతాడని వంగి నిలబడింది. బుచ్చయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"మీ అమ్మ దీవిస్తది, పో బిడ్డా. నా చెయ్యి వద్దు."

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో బస్సెక్కింది. పాసయింది. అప్పుడు బుచ్చయ్య ఏమన్నాడో తెలుసా? "చూసినవా, నేను చెయ్యి పెట్టలే గనకనే పాసైంది" అన్నాడు. చెడితే తన చెయ్యి తగిలినందుకు, బాగుపడితే తగలనందుకు. ఇట్లాంటి వాదాన్ని గెలవడం ఎవరి తరం? తర్వాత వనపర్తిలో బట్టలు కుట్టే పిల్లగాడితో ఆమె పెళ్లి జరిగినప్పుడు కూడా, అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేసింది సత్తెమ్మ తమ్ముడే. బుచ్చయ్య పందిట్లో వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చంద్రకళ పీటల మీది నుంచి రెండుసార్లు తల తిప్పి చూసింది.

ఆ రోజుల్లో కరువు గట్టిగా పట్టింది. చేను బీడు పెట్టి, భార్యాభర్తలిద్దరూ 2004 దసరా తర్వాత కొల్లాపూర్ దగ్గర ఒక మామిడితోటలో పనికి కుదిరారు. కొల్లాపూర్ బేనిషాన్ మామిడి రుచి తెలిసినవాళ్లకు ఆ ఊరి గురించి వేరే చెప్పక్కర్లేదు. తోటలో ఒక పక్క మామిడి అంట్లు పెంచే నర్సరీ ఉండేది. దానికి మేస్త్రీ యోసేపు. అరవై దాటిన సన్నటి మనిషి, పంచె మోకాళ్లపైకి కట్టి, నడుముకు చిన్న తోలు ఒరలో అంటుకత్తి దోపుకుని తిరిగేవాడు. కూలీలను తిట్టడంలో ఎంత పేరో, వాళ్లకు చాయ్ పోయించడంలోనూ అంతే పేరు.

బుచ్చయ్య నీళ్లు మోసేవాడు, పాదులు తవ్వేవాడు, ఎరువు ఎత్తేవాడు. మొక్కను మాత్రం ముట్టుకునేవాడు కాదు. ఎక్కడైనా మొక్కను పక్కకు జరపాల్సి వస్తే పార మీద ఎక్కించి, పసిపిల్లను మోసినట్టు మోసుకెళ్లేవాడు. నాలుగు రోజులు చూసి యోసేపు అడిగాడు.

"ఏంది బుచ్చయ్య, మొక్కలకు నీ చెయ్యి అంటొద్దని ఏమన్న మొక్కు ఉన్నదా?"

బుచ్చయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. జొన్నచేను, దూడ, బోరు, ప్రపంచకప్పు, అన్నీ. యోసేపు శ్రద్ధగా విన్నాడు. వింటూ వింటూ అతని పెదవి వణికింది. చివరికి నేల మీద చతికిలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"అరే, గింత మంచి చెయ్యి పెట్టుకొని పార ఎందుకు మోస్తున్నవ్? రా, నా ఎంబడి రా."

తోట కాలువ వెంట తుంగ దట్టంగా పెరిగి ఉంది. ఎన్నిసార్లు పీకినా మళ్లీ వచ్చే గడ్డి అది. దాన్ని పీకి పీకి ఆడకూలీల నడుములు పోతున్నాయి.

"పెట్టు చెయ్యి. గీ తుంగ మీద మంచిగ పెట్టు. ఎండబెట్టు. నీకు తోటంతా దండం పెడతది."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. బుచ్చయ్యకు కోపం వచ్చింది. కోపంలోనే వంగి రెండు అరచేతులూ తుంగ మీద అదిమి పెట్టాడు. తర్వాత రోజూ కాలువ దగ్గరికి పోయి చూశాడు. తుంగ ఎండలేదు సరికదా, మంచు పడ్డాక ఇంకా నిగనిగలాడింది.

"ఏమాయె?" అన్నాడు యోసేపు.

"చెడ్డదాని మీద నా చెయ్యి పనిచేయదన్నా. మంచిదాన్నే చెడగొడతది."

యోసేపు నెత్తి కొట్టుకున్నాడు. "నీ చెయ్యి ఎండలే బిడ్డా, నీ మెదడు ఎండింది. దానికి నీళ్లు పెట్టాలె."

అయినా ఆ తుంగ బుచ్చయ్య మనసులో ఎక్కడో చిన్న ముల్లులా దిగింది. కొన్నిసార్లు పని మధ్యలో ఆగి తన అరచేతిని తిప్పి చూసుకోవడం సత్తెమ్మ గమనించింది.

మరుసటేడు వానలు బాగా పడ్డాయి. ఆషాఢంలో అంటు కట్టే పని మొదలైంది. సరిగ్గా అప్పుడే యోసేపు కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. వేలు వాచి కత్తి పట్టడానికి రావడం లేదు. అంటుకు కావాల్సిన మామిడి పుల్లలు కోసి సిద్ధంగా ఉన్నాయి, ఆలస్యమైతే పాడైపోతాయి. అంటు కట్టడం తెలిసిన మిగతా ఇద్దరికీ చేతినిండా పని. యోసేపు తన కత్తి తీసి బుచ్చయ్య ముందు పెట్టాడు.

"నేను చెప్త, నువ్వు కట్టు."

బుచ్చయ్య కత్తి వంక పామును చూసినట్టు చూశాడు. "వద్దన్నా. గీ పాపం నాకొద్దు. కావాలంటే సత్తెమ్మతోని కట్టియ్యి."

దూరంగా గంపలో మట్టి నింపుతున్న సత్తెమ్మ అది విని లేచి వచ్చింది. కొంగు నడుముకు దోపి, అందరి ముందూ మొగుడి ఎదురుగా నిలబడింది.

"పెండ్లి నాడు నా చెయ్యి పట్టుకున్నవ్. పట్టుకొని ఇరవై ఏండ్లు దాటె. నేనేమన్న ఎండిన్నా? చెప్పు, నన్ను చూసి చెప్పు."

నిండుగా, గుండ్రంగా, రెండు చేతులకూ మట్టితో నిలబడిన సత్తెమ్మను చూసి మొదట యోసేపు నవ్వాడు. తర్వాత కూలీలందరూ నవ్వారు. బుచ్చయ్య వాదం ఓడిపోవడం అదే మొదటిసారి. కత్తి అందుకున్నాడు.

పని వినడానికి చిన్నదే. మామిడి టెంక నుంచి మొలిచిన నాటుమొక్క తల కోసి, కాండాన్ని మధ్యకు చీల్చాలి. బేనిషాన్ చెట్టు నుంచి తెచ్చిన పుల్లను కింద మొనదేలేలా రెండు వైపులా చెక్కి, ఆ చీలికలో దోపాలి. పుల్ల తోలుకు మొక్క తోలు ఆనాలి. ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి. అంతే. ఆ తర్వాత రెండూ ఒకటై బతకాలా వద్దా అన్నది మొక్క ఇష్టం. బుచ్చయ్య మొదటి పుల్ల చెక్కేటప్పుడు మొన విరిగింది. రెండోది అడ్డంగా తెగింది. మధ్యాహ్నానికి కాస్త కుదిరింది. సాయంత్రానికి తను కట్టిన మొక్కల వరుస చూసుకుని, "పాపం, మంచిగ పెరుగుతుండె" అని వాటిని ముందే సంతాపంగా పలకరించాడు.

తర్వాతి రోజుల్లో తెల్లారకముందే లేచి వరుస దగ్గరికి పోయేవాడు. కొన్ని పుల్లలు నల్లబడటం మొదలైంది. అతను ఎదురుచూసిందీ అదే. నల్లబడ్డవన్నీ పీకి ఒక కట్టగా కట్టి తెచ్చి యోసేపు ముందు పడేశాడు. అతని ముఖంలో బాధ ఉంది, బాధ వెనక ఒక రకమైన తృప్తి కూడా ఉంది.

"చూసినవా అన్నా, నేను చెప్పలే?"

యోసేపు ఆ కట్టను కాలితో పక్కకు తోశాడు. బుచ్చయ్య భుజం పట్టి గోరుచుట్టు రాకముందు తను కట్టిన వరుసకు తీసుకుపోయాడు. అక్కడా నల్లబడ్డ పుల్లలున్నాయి. తక్కువేమీ కాదు.

"ఇవి ఎవరు కట్టినయి?"

"నువ్వే గదా."

"మరి నా చెయ్యి గూడ ఎండిందా?"

"నీదెందుకు ఎండుతది? నువ్వు మేస్త్రీవి."

"నేను పోరగానిగ ఉన్నప్పటి సంది అంట్లు కడుతున్న. ప్రతి ఏడూ చస్తయి. చచ్చినయి పారేస్త, బతికినయి పెంచుకుంట. అందరు నేను పెంచినయే చూస్తరు, పారేసినయి ఎవ్వరు చూడరు. నువ్వు బతికినయి పారేసి, చచ్చినయి ఇంటికి మోసుకుపోతున్నవ్. గదే తేడా. ఇగ చెప్పు, నీ వరుసల చిగురు పెట్టినయి ఎన్ని?"

బుచ్చయ్య చూడలేదు. రోజూ పోయాడు, రోజూ వంగి వంగి వెతికాడు, చిగుళ్లను చూడనేలేదు. ఇద్దరూ కలిసి వెనక్కి పోయి చూశారు. నల్లవి పీకేసిన ఖాళీల మధ్య, పట్టీ పైన, రాగిరంగులో సన్నటి మొనలు. ఒకటి, దాని పక్కన ఇంకోటి, ఆ చివర మరికొన్ని. సగానికి పైగా బతికాయి. బుచ్చయ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క చిగురునూ తాకి చూశాడు.

"ఇవి నేను కట్టినయేనా?" అన్నాడు చివరికి.

"కాదు, తుంగ కట్టింది" అన్నాడు యోసేపు.

ఒక్క పూటతో మనిషి మారిపోడు. ఇరవై ఏళ్ల అలవాటు అది. యోసేపుకు ఆ సంగతి తెలుసు. అందుకే ఒక కట్టడి పెట్టాడు. రోజూ పొద్దున చాయ్ తాగేముందు బుచ్చయ్య వచ్చి చిగురేసిన వాటి సంగతే చెప్పాలి. చచ్చిన వాటి గురించి మాట్లాడొచ్చు కానీ చాయ్ తాగాక, అదీ ఎందుకు చచ్చిందో చూసి వచ్చాకే.

మొదట్లో బుచ్చయ్యకు ఇది చాలా కష్టమైంది. "మూలకు మూడు చిగుళ్లు కొత్తగ వచ్చినయన్నా. అయితే..." అని మొదలుపెట్టేవాడు. యోసేపు చాయ్ గ్లాసు వెనక్కి లాక్కునేవాడు.

"అయితే గియితే లేదు. మూడు చిగుళ్లు. అక్కడ ఆపు."

"మూడు చిగుళ్లు" అని మింగుడుపడని మందు మింగినట్టు అనేవాడు బుచ్చయ్య. అప్పుడు గ్లాసు చేతికి వచ్చేది. ఈ సంగతి విని సత్తెమ్మ తోటలోని తమ గుడిసెలోనూ ‘అయితే’ను నిషేధించింది. "కూర మంచిగున్నది, అయితే..." అని అతను మొదలుపెట్టగానే గంటె లేచేది.

చాయ్ తర్వాతి పనే అతనికి ఎక్కువ మేలు చేసింది. చచ్చిన అంటును పట్టుకుని ‘నా చెయ్యి’ అని నిట్టూర్చడం కాక, విప్పి చూడటం మొదలుపెట్టాడు. ఒకదానికి పట్టీ వదులై లోపలికి నీళ్లు దిగాయి. ఒకదాని పుల్ల మరీ లేతది. ఒక వరుసకు మధ్యాహ్నం ఎండ సూటిగా తగులుతోంది. ప్రతి దానికీ ఏదో ఒక కారణం దొరికింది, ఏ కారణమూ అతని జాతకం కాదు. రెండో విడతలో పట్టీ గట్టిగా కట్టాడు, ఎండ తగిలే చోట తాటాకు అడ్డం పెట్టాడు. ఎక్కువ బతికాయి. యోసేపు వేలు మానింది గానీ కత్తి తిరిగి అడగలేదు. కొల్లాపూర్ సంతలో తనకు ఇంకోటి కొనుక్కున్నాడు.

అంతా సాఫీగా పోతే కథే లేదు. 2006 వేసవి చివర్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. వడగళ్లు కూడా పడ్డాయి. నర్సరీ పందిరి కూలి అంట్ల మీద పడింది. బుచ్చయ్య ఏడాది పొడవునా పెంచిన వరుసల్లో చాలా వరకు నలిగిపోయాయి. తెల్లవారి సత్తెమ్మ లేచేసరికి బుచ్చయ్య బట్టల మూట పట్టుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"ఊరికి పోతున్న. ఇన్ని దినాలు మనసుకు ఏదేదో చెప్పుకున్న. నేనున్న చోట గిట్లనే అయితది. నేను పోతె తోటన్న బతుకుతది."

సత్తెమ్మ ఏడుస్తుందనుకున్నాడు. ఆమె పొయ్యి ఊదుతూ, "పో. బస్సుకింక టైమున్నది, మెల్లగ పో" అంది.

బుచ్చయ్య రోడ్డెక్కాడు. రోడ్డుకు అటూ ఇటూ చెట్లు విరిగి పడున్నాయి. పక్క తోటలో పెద్ద మామిడి చెట్టు వేళ్లతో సహా లేచింది. దాని పక్క తోటలో కాయ మొత్తం నేల మీదే ఉంది. ఇంకా ముందుకు పోతే ఎవరిదో కోళ్లఫారం రేకులు ఎగిరి చింతచెట్టు కొమ్మల్లో చిక్కుకున్నాయి. కరెంటు స్తంభాలు వంగి మొక్కుతున్నట్టున్నాయి. చాయ్ బండి దగ్గర ఎవరో కృష్ణ ఒడ్డున సోమశిల దగ్గర చేపలు పట్టే పుట్టి ఒకటి కొట్టుకుపోయిందని చెబుతున్నారు.

బుచ్చయ్య ఆగాడు. తన అరచేయి తిప్పి చూసుకున్నాడు. ఈ తోటలన్నిటిలో ఎప్పుడు కాలు పెట్టాడు తను? కోళ్లఫారం ఎక్కడుందో కూడా నిన్నటిదాకా తెలియదు. ఇదంతా తన చేతి పనే అయితే, ఆ చెయ్యి కొల్లాపూర్ నుంచి కృష్ణ ఒడ్డుదాకా సాగాలి. అంత పొడవైన చేతిని ఊహించుకునేసరికి అతనికి నవ్వొచ్చింది. నడిరోడ్డు మీద, మూట సంకలో పెట్టుకుని, ఒక్కడే నవ్వాడు. చాయ్ బండివాడు, "ఏం పెద్దమనిషీ, గాలికి నీదేం పోలేదా?" అని అడిగాడు.

"పోయింది. శానా పోయింది" అన్నాడు బుచ్చయ్య నవ్వుతూనే. "నాదొక్కనిదే కాదంట."

బండి మీద వేడివేడి మిర్చి బజ్జీలు కట్టించుకుని వెనక్కి తిరిగాడు. గుడిసెకు వచ్చేసరికి సత్తెమ్మ అన్నం వండి రెండు పళ్లాలు పెట్టి కూర్చుంది.

"నేను వస్తనని నీకెట్ల తెలుసు?"

"నాకేం తెల్వదు. రాకుంటే రెండు పళ్లాలు నేనే తిందుననుకున్న. బజ్జీలు ఇటియ్యి."

ఆ రోజంతా పందిరి కింద నుంచి ఒక్కొక్క మొక్కనూ బయటికి లాగారు. విరిగినవి పక్కన పెట్టి, వంగినవాటికి పుల్లలు కట్టి నిలబెట్టారు. పొద్దుగూకేటప్పుడు యోసేపు వచ్చి, "ఎట్లున్నది బుచ్చయ్య?" అని అడిగాడు. బుచ్చయ్య నడుము పట్టుకుని లేచి, "శానా బతికినయన్నా" అన్నాడు. యోసేపు కాసేపు ‘అయితే’ కోసం ఎదురు చూశాడు. రాలేదు.

ఆ ఏడు దీపావళికి ముందు వనపర్తి దవాఖానలో చంద్రకళకు కొడుకు పుట్టాడు. అల్లుడు ఫోన్ చేయగానే ఇద్దరూ బస్సెక్కారు. సత్తెమ్మ మనవణ్ణి ఎత్తుకుని ముద్దులాడుతుంటే బుచ్చయ్య మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు. చంద్రకళ తండ్రి చేతులు చూసింది. అవి వెనక్కి లేవు, ముందే ఉన్నాయి. పుల్లలు చెక్కీ చెక్కీ వేళ్లనిండా సన్నటి గాట్లు.

"నాయినా, ఎత్తుకుంటవా?"

బుచ్చయ్య సబ్బు అడిగి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చాడు. పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. వాడు ముఖం చిట్లించి, గుక్కపట్టి ఏడ్చాడు. ఒకప్పుడైతే అది చాలు, ఆర్నెల్లు దిగులు పడటానికి. బుచ్చయ్య మాత్రం, "గొంతు మీ అమ్మమ్మదే వచ్చిందిరా" అన్నాడు. దవాఖాన వరండాలో వినిపించేలా నవ్వింది చంద్రకళ. తర్వాత అతను రెండో చెయ్యి కూతురి తల మీద పెట్టి, "ఆలస్యమైంది బిడ్డా. జర తప్పు పట్టకు" అన్నాడు. ఆమె ఆ చేతిని అట్లాగే కాసేపు పట్టుకుని కూర్చుంది.

2007లో వాళ్లు సొంతూరికి తిరిగి వచ్చేశారు. చేను మళ్లీ సాగులోకి వచ్చింది. బుచ్చయ్య ఇంటి వెనక జాగాలో చిన్న పందిరి వేసి అంట్లు కట్టడం మొదలుపెట్టాడు. మొదట్లో ఊళ్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత మొక్కలు చూసి పక్క ఊళ్ల నుంచి రైతులు రాసాగారు. అచ్చంపేట వైపు నుంచి కూడా వచ్చి తీసుకుపోయారు. మరుసటేడు వానాకాలంలో ఒక పొద్దున బక్కయ్య పొట్ట ముందు, తను వెనక వచ్చాడు.

"తమ్మీ, గట్టు పొంటి బేనిషాన్ పెడదామనుకుంటున్న. మొక్కలిచ్చుడు కాదు, నువ్వే వచ్చి నీ చేతితోని పెట్టాలె. నీ చెయ్యి మంచిదంటుండ్రు అందరు."

బుచ్చయ్య మెల్లగా అన్నాడు. "బక్కన్నా, నా చెయ్యి పెడితే రేగుకంప గూడ ఎండుతదని నువ్వే అంటివి గదనే?"

"నేనా?" బక్కయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎప్పుడన్న?"

"ఈతకల్లు కాడ. నాయిన పోయిన తర్వాత."

బక్కయ్య గడ్డం గోక్కున్నాడు, ఆకాశం చూశాడు, గుర్తు తెచ్చుకోవడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. "ఏమో తమ్మీ, నాకు యాదికే లేదు. కల్లు మీద వంద మాటలంటం. గదంతా యాది పెట్టుకుంటరా ఎవరన్న?"

ఇంట్లోంచి సత్తెమ్మ దగ్గు వినిపించింది. అది నవ్వు ఆపుకునే దగ్గని బుచ్చయ్యకు తెలుసు. అతనికి ముందు కోపం వచ్చింది. ఆ వెనకే ఒళ్లంతా తేలికైనట్టు అనిపించింది. అన్నవాడు మర్నాటికే పారేసుకున్న మాటను తను ఇన్నేళ్లు భద్రంగా దాచాడు. "పా" అని పార భుజాన వేసుకుని బక్కయ్య గట్టుకు బయలుదేరాడు. మధ్యాహ్నానికి మొక్కలన్నీ పెట్టాడు. రెండు చచ్చాయి. బక్కయ్య మేకే వాటిని తినేసింది కాబట్టి ఆ విషయంలో ఎవరికీ ఎవరి మీదా అనుమానం రాలేదు.

ఆ కార్తీకంలో కుటుంబమంతా సోమశిల పోయింది. కూతురు, అల్లుడు, మనవడు వనపర్తి నుంచి వచ్చారు. యోసేపును కూడా పిలిచారు. "మీ గుడికి నేనెందుకు?" అన్నాడు గానీ, చేపల పులుసు ఉందని తెలిసి ముందే వచ్చి కూర్చున్నాడు. గుడి అయ్యాక, వంట దగ్గర ఉంటానన్న చంద్రకళ తప్ప అందరూ మరబోటు ఎక్కారు. కృష్ణ ఆ చివర నుంచి ఈ చివరి దాకా నిండుగా ఉంది. నడి నీళ్లలోకి పోయాక పడమట చిన్న మబ్బు లేచింది. బుచ్చయ్య దాన్ని అదేపనిగా చూడటం యోసేపు గమనించాడు.

"ఏంది, పాతది మల్ల వచ్చిందా?"

"వచ్చిందన్నా. బోటు మునుగుతదేమో, నేనెక్కిన గనక అంటున్నది" అన్నాడు బుచ్చయ్య సిగ్గుపడుతూ. "వస్తనే ఉంటది. రావద్దంటె ఆగదు."

"మరేం చేస్తవ్?"

"బోటాయన్ని అడుగుత."

అడిగాడు. మబ్బు వాన మబ్బు కాదనీ, గాలి లేదనీ, ఇంకో గంట దాకా భయం లేదనీ బోటాయన చెప్పాడు. సరేనని బుచ్చయ్య మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని నీళ్లలో చెయ్యి పెట్టించాడు. చల్లగా తగిలేసరికి వాడు కేరింత కొట్టి, తాత ముఖం మీద నీళ్లు చల్లాడు. ఇంకా కావాలన్నాడు. ఈసారి యోసేపు మీద చల్లారు. ముసలాయన తిట్లు మొదలుపెట్టాడు. ఒడ్డున చంద్రకళ విస్తర్లు పరిచి, పులుసు చల్లారిపోతుందని కేకలు వేస్తోంది. బోటు మెల్లగా అటు తిరిగింది.